ముంబై రోడ్లు రెండు, పేరు మాత్రం ఒక్కటే

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను 33 ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేసి 2018లో రిటైరయ్యాను. రామచంద్రాపురం అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, దయచేసి చివరిదాకా చదవండి.

పోయిన వానాకాలంలో మా అన్న ఊరి నుంచి మా ఇంటికి వచ్చాడు. ఆయనకు 72 ఏళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఛాతీ పట్టేసినట్టుందని అక్కడే కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు. పక్కింటి పిల్లవాడు ఒక ప్రైవేటు ఆస్పత్రి అంబులెన్సుకు ఫోన్ చేసి, ముంబై హైవే పక్కన, లింగంపల్లి దాటాక, అని గబగబా చెప్పాడు. పది నిమిషాలైంది, పదిహేనైంది, బండి రాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే డ్రైవరు, "సార్, నేను ఓల్డ్ ముంబై హైవే మీదే ఉన్నా, లింగంపల్లి స్టేషన్ దగ్గర, మీరెక్కడున్నారు?" అన్నాడు. అతను గచ్చిబౌలి వైపు నుంచి వచ్చి రైలు కట్టకు అవతలే ఆగిపోయాడు. కట్ట కింద దారిలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. వెనక్కి తిప్పుకుని ఇంకో దారిన మా దగ్గరికి చేరేసరికి మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నేను పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. దేవుడి దయవల్ల అన్నకు స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగున్నాడు.

ఆ డ్రైవరును నేను ఒక్క మాట అనలేదు. అతని తప్పేముంది? అతను విన్నది ముంబై హైవే, వచ్చింది ముంబై హైవేకే. మన దగ్గర ఆ పేరుతో రెండు రోడ్లున్నాయి. ఆ రెండు రోడ్ల మీదా నా ఉద్యోగం గడిచింది కాబట్టి ఈ సంగతి రాయాల్సిన బాధ్యత నాకుందనిపించింది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కోఠి నుంచి పటాన్‌చెరు పోయే బస్సులు రెండు నంబర్ల మీద నడిచేవి. 217 మెహదీపట్నం, టోలిచౌకి, షేక్‌పేట, దర్గా, రాయదుర్గం, గచ్చిబౌలి, సెంట్రల్ యూనివర్సిటీ, లింగంపల్లి మీదుగా పోయేది. 218 లక్డీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ మీదుగా పోయేది. రెండూ బీహెచ్ఈఎల్ దగ్గర కలిసి, అక్కడి నుంచి ఒకే రోడ్డు మీద ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన కేంద్రం దాటి పటాన్‌చెరు చేరేవి. ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి రెండు దారులు. కొత్తవాళ్లు ఏ బస్సు ఎక్కాలని అడిగితే, "పాత రోడ్డా, కొత్త రోడ్డా?" అని మేము తిరిగి అడిగేవాళ్లం. 217ది పాత రోడ్డు, 218ది కొత్త రోడ్డు. అంతకు మించి మాకూ తెలియదు. పాతది ఎంత పాతదో నేను తెలుసుకున్నది చాలా ఏళ్ల తర్వాత.

మా ఊరు సదాశివపేట దగ్గర, ఈ బొంబాయి సడక్ పక్కనే. చిన్నప్పుడు మా నాయిన నన్ను రోడ్డు మీద నిలబెట్టి, "ఈ దిక్కు పోతే బొంబాయి, ఆ దిక్కు పోతే బందరు. రెండు దిక్కులా సముద్రమే" అని చెప్పేవాడు. ఆయన అన్నది నిజమే. పుణె, సోలాపూర్, హైదరాబాద్, విజయవాడ, మచిలీపట్నం కలుపుతూ ఉన్న 9వ నంబరు జాతీయ రహదారి అది. 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. ఇప్పటికీ మా ఊళ్లో నైన్ నంబర్ రోడ్డనే అంటారు.

రిటైరయ్యే ముందు రెండేళ్లు నాకు 217 డ్యూటీ పడింది. షేక్‌పేటలో పెద్ద ట్రాఫిక్ జామ్. బస్సు కదలడం లేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఏదో కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన సారు, నన్ను పిలిచి, "ఆ బిల్డింగ్ ఏంటో తెలుసా కండక్టర్ సాబ్?" అని అడిగారు. రోడ్డు పక్కన రెండంతస్తుల పాత రాతి కట్టడం. వేలసార్లు దాని ముందు నుంచి పోయాను, తలెత్తి చూసింది లేదు. "సరాయి అది. గోల్కొండ నవాబుల కాలం నాటిది. బాటసారులు పండుకునే గదులు, గుర్రాలు, ఒంటెలు కట్టేసే జాగా, పక్కన మసీదు. మీ బస్సు ఇప్పుడు ఆగిన జాగలోనే అప్పుడు బిడారులు ఆగేవి" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. డ్యూటీ లేని రోజు ఒక్కణ్నే పోయి ఆ సరాయి చుట్టూ తిరిగాను. తర్వాత గోల్కొండ కోట చూడడానికి పోయాను. అప్పటిదాకా ఆ కోట లోపలికి వెళ్లలేదంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. కోట దర్వాజాల పేర్లు విన్నాను. ఫతే దర్వాజా, మోతీ దర్వాజా, బంజారా దర్వాజా, మక్కా దర్వాజా. వాటిలో ఒకదాని పేరు పటాన్‌చెరు దర్వాజా! నేను 30 ఏళ్లు "పటాన్‌చెరు, పటాన్‌చెరు" అని అరుస్తూ టికెట్లు కొట్టిన ఊరి పేరు కోట దర్వాజాకే ఉందని విని ఒళ్లు జలదరించింది. అంటే గోల్కొండ నుంచి పడమటికి పోయే దారి అప్పుడే పటాన్‌చెరు దిక్కున పోతుండేదన్నమాట.

ఆ తర్వాత ఆ దారిలో ఉన్న పేర్లన్నీ నాకు వేరే తీరుగా వినపడడం మొదలైంది. మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టారు, చార్మినార్ కట్టడానికి 13 ఏళ్ల ముందే. ఆ వంతెన దాటి గోల్కొండ వైపు పోతే కార్వాన్. ఆ పేరుకు అర్థమే బిడారు, వర్తకుల గుంపు. ఇంకా ముందుకు పోతే టోలిచౌకి, చౌకీ అంటే కాపలా ఠాణా. ఆ తర్వాత షేక్‌పేటలో సరాయి. దాని తర్వాత హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా. హుస్సేన్‌సాగర్ కట్టించిన ఆయన అక్కడే సమాధిలో ఉన్నారు. మా బస్సులో ఆ స్టాపు పేరు ఒట్టి దర్గానే. కార్వాన్, చౌకీ, సరాయి, దర్గా, పటాన్‌చెరు దర్వాజా. ఈ పేర్లను వరుసలో పెట్టి చదివితే పాత దారి మొత్తం కళ్ల ముందుకొస్తుంది. మ్యాప్ అక్కర్లేదు.

అయితే ఈ రోడ్డు ఒకచోట నిలవలేదు. మొదట పురానాపూల్, కార్వాన్, గోల్కొండ మీదుగా ఉన్న దారి, తర్వాత కోట పక్కకు తప్పుకుని మెహదీపట్నం, టోలిచౌకి దారి అయింది. ఇప్పుడు మనం పాత ముంబై హైవే అనేది దాన్నే. ఆ తర్వాత హైవే ఉత్తరానికి జరిగి అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ రోడ్డు అయింది. హైవే నంబరు, పసుపుపచ్చ కిలోమీటరు రాళ్లు, లారీలు అన్నీ ఆ రోడ్డుకే పోయాయి. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక సోలాపూర్ నుంచి వచ్చే లారీ పటాన్‌చెరు పక్కన ముత్తంగి దగ్గరే ఔటర్ ఎక్కి, ఊళ్లోకి రాకుండా విజయవాడ దారి పడుతుంది. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు. అంటే ముంబై రోడ్డు మన ఊరి దగ్గర మూడుసార్లు దారి మార్చుకుంది.

నేను చూసినంతలో కొత్త రోడ్డుకు బలం ఫ్యాక్టరీల వల్ల వచ్చింది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చాయి. సనత్‌నగర్, బాలానగర్, మూసాపేట దిక్కున చిన్నవీ పెద్దవీ లెక్కలేనన్ని షెడ్లు లేచాయి. పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. లారీలు సహజంగానే ఫ్యాక్టరీలున్న దారినే పోతాయి. ఆ తర్వాత కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. 218లో ఉదయం షిఫ్టు బస్సు అంటే ఫుట్‌బోర్డు మీద కూడా జాగా ఉండేది కాదు. బీహెచ్ఈఎల్ జనరల్ షిఫ్టు వాళ్లు, ఐడీఎల్ డిటొనేటర్ల ఫ్యాక్టరీ వాళ్లు, ఆల్విన్ వాళ్లు. టిఫిన్ డబ్బాలు తగిలి మా ఖాకీ చొక్కా జేబులు చినిగేవి. ఆ ఫ్యాక్టరీల్లో కొన్ని మూతపడి చాలా ఏళ్లయింది. కానీ స్టాపుల పేర్లు ఉన్నాయి. ఆల్విన్ క్రాస్ రోడ్స్ దగ్గర దిగే పిల్లలకు ఆల్విన్ అంటే ఒక ఫ్రిజ్ కంపెనీ అని తెలియదు. పేరు బతికి ఉంది కాబట్టి ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. నాకు ఆ ఆశ ఉంది.

పాత రోడ్డు మాత్రం చాలాకాలం నిద్రపోయింది. నేను 1985లో చేరినప్పుడు 217లో రాత్రి ఆఖరి ట్రిప్పు అంటే కొత్త డ్రైవర్లు భయపడేవాళ్లు. టోలిచౌకి దాటితే దీపాలు లేవు. రాయదుర్గం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా ఏనుగుల్లాంటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మల్కం చెరువు మీద నుంచి చల్లగాలి వచ్చేది. గచ్చిబౌలి అంటే నాలుగు ఇళ్ల ఊరు. అది దాటితే మళ్లీ చీకటి, ఆ చీకటి చివర యూనివర్సిటీ గేటు దగ్గర ఒక్క బల్బు. 1974లో నాంపల్లి గోల్డెన్ త్రెషోల్డ్‌లో, సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలైన యూనివర్సిటీని అంత దూరం ఎందుకు తెచ్చిపెట్టారో అని ప్యాసింజర్లు అనుకునేవాళ్లు. ఆదివారం సాయంత్రం ఊరి నుంచి వచ్చే పిల్లలు బస్తాలో బియ్యం, డబ్బాలో పచ్చడి పెట్టుకుని మా బస్సెక్కేవాళ్లు. లగేజీ టికెట్ కొట్టమని రూలు. చాలాసార్లు కొట్టలేదు, ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదనుకుంటున్నాను. రాత్రి పదకొండుకు ఒంటరిగా దిగే ఆడపిల్ల ఉంటే డ్రైవరు గేటు వైపు లైట్లు వేసి, ఆ పిల్ల లోపలికి పోయిందాకా బస్సు ఆపేవాడు. మా డ్రైవర్లందరూ అలాగే చేసేవాళ్లు, ఎవరూ చెప్పకుండానే.

సీతాఫలాల కాలంలో దర్గా స్టాపు దగ్గర ఒక అవ్వ గంపతో ఎక్కేది. ఆమెకు నంబర్లు చదవడం రాదు. బస్సు ముందు నిలబడి, "సరాయి బస్సేనా?" అని అడిగేది. నేను ఆ మాట అప్పట్లో పట్టించుకోలేదు. షేక్‌పేట అనకుండా సరాయి అనేది. ఆమెకు తెలిసిన సంగతి నాకు తెలియడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2002లో జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలి స్టేడియం కట్టారు. పదేళ్లు తిరిగేసరికి మా చీకటి రోడ్డు మీద అర్ధరాత్రి కూడా ట్రాఫిక్ జామ్. బండలు పగలగొట్టే బ్లాస్టింగ్ చప్పుళ్లు బస్సులోకి వినపడేవి. హైవే అక్కడి నుంచి వెళ్లిపోయిన తర్వాత ఆ రోడ్డుకు హైవేని మించిన రద్దీ వచ్చింది. నిద్రపోయిన రోడ్డు లేచిందని సంతోషించాను. చాలామందికి బతుకు దొరికింది. మా మేనల్లుడు అక్కడే ఒక ఆఫీసులో సెక్యూరిటీగా చేస్తున్నాడు. రోడ్డు పెద్దదవడం మీద నాకేం కోపం లేదు.

నా బాధ వేరే. రోడ్డు మారిన ప్రతిసారీ స్టాపు గురించి ఎవరూ ఆలోచించలేదు.

కండక్టర్‌కు రోడ్డంటే స్టేజీలే. ఎక్కడి నుంచి ఎక్కడికి ఒక స్టేజీ, ఎక్కడ మారుతుంది, ఎస్ఆర్ షీట్ మీద, అంటే టికెట్ల లెక్క రాసే కాగితం మీద, ఎక్కడ గీత గీయాలి, అదే మా లెక్క. స్టేజీ పేరు తప్పితే లెక్క తప్పుతుంది, చెకింగ్ వాళ్లు వస్తే ఉద్యోగం మీదికొస్తుంది. టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు వచ్చాక కూడా పేర్లు అవే. అందుకే నాకు స్టాపుల పేర్లు, అవి ఏ చెట్టు కింద, ఏ హోటల్ ముందు ఉండేవో నోటికొచ్చు. ఫ్లైఓవర్ వేసినప్పుడు పని జరుగుతున్నంతకాలం స్టాపును తాత్కాలికంగా అటు వంద గజాలో, ఇటు రెండు వందల గజాలో జరుపుతారు. పని అయిపోయాక ఆ తాత్కాలికం అలాగే ఉండిపోతుంది. షెడ్డు తీసేస్తారు, బోర్డు తీసేస్తారు, మళ్లీ పెట్టరు. బస్సు ఎక్కడ ఆగితే అదే స్టాపు. జనం బస్సు వెంట పరుగెత్తాలి.

2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ మొదలైంది. సెవెన్ టూంబ్స్, ఫిల్మ్‌నగర్, ఓయూ కాలనీ, విస్పర్ వ్యాలీ జంక్షన్లు నాలుగింటినీ దాటించే పెద్ద ఫ్లైఓవర్, దాదాపు 2.8 కిలోమీటర్లు. కారులో పోయేవాళ్లకు నిజంగా మేలు జరిగింది. గంటలో పోయే దారి నిమిషాల్లో పోతున్నారు. కట్టినవాళ్లకు నా దండం. కానీ పైనుంచి పోయే కారుకు సరాయి కనపడదు, దర్గా కనపడదు. కింద నడిచేవాడికి రోడ్డు దాటే దారి సరిగ్గా కనపడదు. మొన్న నేను కంటి డాక్టరు దగ్గరికి మెహదీపట్నం పోయి వస్తూ, సరాయిని ఇంకోసారి చూద్దామని షేక్‌పేటలో దిగాను. బస్సు ఎక్కడో ఆగింది. రోడ్డు దాటడానికి అరగంట పట్టింది, అబద్ధం కాదు. నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె చేతిలో ఏడాది పిల్ల. "ఇక్కడ స్టాపు ఉండేది కదమ్మా" అంటే, "ఏమో అన్నా, మేమొచ్చి రెండేళ్లే అయింది, రోజూ ఇట్లనే దాటుతం" అన్నారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక మునుపటికన్నా ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలతో, ముసలివాళ్లతో బస్సుల్లో తిరుగుతున్నారు. వాళ్లు దిగే చోటు ఎలా ఉందో ఒకసారి చూడండి.

కొత్త రోడ్డు మీద ఒక మంచి పని జరిగింది, అది కూడా చెప్పాలి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలయ్యాక, స్టేషన్ మెట్లెక్కి అవతలి పక్కకు దిగొచ్చు. కూకట్‌పల్లిలో, కేపీహెచ్‌బీలో రోడ్డు దాటడమంటే అంతకుముందు ప్రాణాల మీదికి వచ్చేది. ఆ రోడ్డు మీద డివైడర్ ఎగిరి దూకి పడ్డవాళ్లను నా కళ్లతో చూశాను. ఇప్పుడు ముసలివాళ్లు కూడా లిఫ్టులో ఎక్కి దాటుతున్నారు. మియాపూర్ దాటిన తర్వాత ఆ సౌకర్యం లేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. 2024 మార్చిలో ప్రధాని సంగారెడ్డికి వచ్చినప్పుడు మదీనాగూడ నుంచి సంగారెడ్డి చౌరస్తా దాకా 65వ హైవేని ఆరు వరుసలు చేసే పనికి శంకుస్థాపన చేశారు. మెట్రో రెండో దశలో మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్ల లైను ప్రతిపాదన ఉంది. అంటే మదీనాగూడ, చందానగర్, గంగారం, లింగంపల్లి చౌరస్తా, అశోక్‌నగర్, బీరంగూడ కమాన్, ఇక్రిశాట్, పటాన్‌చెరు, ఈ మొత్తం రోడ్డు రూపం మారబోతోంది. రోడ్డు వెడల్పు చేసి ఆ తర్వాత మెట్రో పిల్లర్లు వేస్తే రెండుసార్లు స్టాపులు జరుగుతాయి. రెండుసార్లూ ఎవరూ వెనక్కి తేరు. షేక్‌పేటలో జరిగింది బీరంగూడ కమాన్ దగ్గర జరగకూడదని నా కోరిక. ఆ కమాన్ దగ్గర మల్లన్న గుట్టకు పోయే భక్తులు శివరాత్రికి ఎంతమంది దిగుతారో నాకు తెలుసు. ఆరు వరుసల రోడ్డును వాళ్లు ఎలా దాటుతారు?

ఇంకో కష్టం కూడా ఉంది. ఈ రోడ్డు అమీర్‌పేటలో హైదరాబాద్ జిల్లా, కూకట్‌పల్లిలో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, చందానగర్‌లో రంగారెడ్డి జిల్లా, రామచంద్రాపురంలో సంగారెడ్డి జిల్లా. రోడ్డు హైవే వాళ్లది, ఫుట్‌పాత్ ఇంకొకరిది, బస్సు ఆర్టీసీది, షెడ్డు మరొకరిది. మా ఇంటి దగ్గరి స్టాపు షెడ్డు గురించి నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఏ ఆఫీసుకు పోయినా ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. చివరికి మా కాలనీవాళ్లం చందాలేసుకుని రెండు సిమెంటు బెంచీలు వేసుకున్నాం. వెడల్పు పనిలో అవి కూడా పోతాయి.

కాబట్టి సంపాదకులు గారూ, మీ పత్రిక ద్వారా నేను అడిగేవి పెద్ద పెద్ద కోరికలు కావు.

మొదటిది పేరు. ఈ రెండు రోడ్లకూ బోర్డుల మీద తేడా తెలిసేలా పేరు రాయండి. పాత ముంబై రోడ్డు అని ఒకదానికి, ముంబై జాతీయ రహదారి 65 అని ఇంకోదానికి, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, రెండు కిలోమీటర్లకొకటి చొప్పున. రెండూ కలిసే బీహెచ్ఈఎల్ చౌరస్తా దగ్గర ఏది ఎటు పోతుందో పెద్ద అక్షరాలతో చూపించండి. మా అన్నకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. అంబులెన్సు డ్రైవర్లకు, ఫైరింజన్ వాళ్లకు ఈ తేడా ట్రైనింగులోనే చెప్పండి. ఇంట్లో పిల్లలకు మీరు కూడా చెప్పండి. ఫోన్ చేసినప్పుడు ముంబై హైవే అని ఆపకుండా, మియాపూర్ రోడ్డా, గచ్చిబౌలి రోడ్డా, ఆ మాట ముందు చెప్పమనండి.

రెండోది స్టాపు. మదీనాగూడ నుంచి పటాన్‌చెరు దాకా పని మొదలైన ప్రతి చోటా, పాత స్టాపు ఎక్కడుందో ముందే కొలిచి రాసుకోవాలి. పని అయ్యాక అక్కడే, లేదా ఎంత దగ్గర వీలైతే అంత దగ్గర, షెడ్డుతో, బోర్డుతో, పాత పేరుతో మళ్లీ పెట్టాలి. మెట్రో స్టేషన్ వచ్చేదాకా ఆగకుండా, ఇప్పుడే, మనిషి కింద నుంచో పైనుంచో రోడ్డు దాటే దారి ప్రతి స్టాపు దగ్గరా ప్లానులో రాయాలి. కాంట్రాక్టు కాగితం మీద లేనిది తర్వాత ఎవరూ కట్టరని నా అనుభవం.

మూడోది సరాయి. షేక్‌పేట స్టాపు బోర్డు మీద "షేక్‌పేట సరాయి" అని రాయండి. అంతే. దాని చరిత్ర మొత్తం రాయకపోయినా ఫర్వాలేదు. ఆ సీతాఫలాల అవ్వ ఏ పేరుతో పిలిచిందో ఆ పేరు రాయండి. రోజూ ఆ స్టాపులో దిగే వేలమందిలో కొందరైనా తలెత్తి చూస్తారు. కట్టడాన్ని బాగుచేసే పని పెద్దవాళ్ల చేతుల్లో ఉంది, అది కూడా త్వరగా పూర్తి చేయాలని వేడుకుంటున్నాను.

నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది. 1985 నుంచి నేను చేసిన రూట్లలో స్టేజీల పేర్లన్నీ అందులో వరుసగా రాసుకున్నాను. 217, 218 రెండూ ఉన్నాయి. ఏ స్టాపు ఏ సంవత్సరం ఎటు జరిగిందో కూడా నాకు తెలిసినంతవరకు పక్కన గుర్తు పెట్టుకున్నాను. రోడ్డు వెడల్పు చూసే ఇంజనీరు గారు గానీ, మెట్రో వాళ్లు గానీ, ఆర్టీసీ వాళ్లు గానీ అడిగితే ఆ నోట్‌బుక్ ఇచ్చేస్తాను. మోకాళ్ల నొప్పులున్నా మదీనాగూడ నుంచి పటాన్‌చెరు దాకా వాళ్లతో నడిచి ఒక్కో స్టాపూ ఎక్కడుండేదో చూపిస్తాను. ఉదయం ఆరు గంటలకైతే ఎండ ఉండదు, రోడ్డు కూడా కొంచెం ఖాళీగా ఉంటుంది. ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాను. మీ పత్రిక ఆఫీసుకు కబురు చేసినా నాకు అందుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
అశోక్‌నగర్, రామచంద్రాపురం,
సంగారెడ్డి జిల్లా.